లప్పం కింద తుప్పు

పాత కారు కొనాలనుకుంటున్నారా? అయితే జేబులో ఓ చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లండి. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ అయినా ఫర్వాలేదు. డోరు కింద, చక్రాల పైన వంపులో, డిక్కీ మూలల్లో పెట్టి చూడండి. అంటుకుంటే అక్కడున్నది రేకు. జారి కింద పడిందా... అక్కడున్నది లప్పం! పైన పెయింటు ఎంత నిగనిగలాడినా సరే.

ఈ జ్ఞానం నాకు నూజివీడు దగ్గర మా బాబాయి మామిడితోటలో కలిగింది. చిన్న రసాలు తిందామని వెళ్లినవాణ్ని, రెండు రోజులు కారు కింద పడుకుని వచ్చాను.

పాత కారు అనగానే మనకి రాజులూ జమీందార్లూ గుర్తొస్తారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని చూసి నోరు తెరవనివాళ్లు ఉండరు. కానీ మన ఇళ్లలో పాత కారంటే అంబాసిడరే. పెళ్లికొడుకుని ఊరేగించిందీ అదే, పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అదే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో దాని తయారీ ఆగిపోయింది. 2017లో ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో కంపెనీవాళ్లు ఆ పేరుని 80 కోట్ల రూపాయలకి కొనుక్కున్నారు. ఒట్టి పేరుకే అంత! బండిని మాత్రం తుక్కువాళ్లు కిలోల లెక్కన అడుగుతారు.

బాబాయిది 1972 నాటి మార్క్-2. తాతయ్య కొన్నది. పదేళ్ల కిందట ఓ షెడ్డులో బాడీ పని మొత్తం చేయించి, మీగడ రంగు వేయించాడు. అప్పట్నుంచీ పండక్కి తీసి తుడవడం, హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి రావడం... అంతే. మొన్న ఎండాకాలంలో బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, మ్యాట్లు ఎత్తి కడుగుదామని చూస్తే డ్రైవర్ పక్క సీటు కింద నేల కనిపించింది. కారు నేల కాదు, తోట నేల!

స్క్రూడ్రైవర్‌తో గీకితే ఒక్కో పొరా లేచి వచ్చింది. పైన నల్ల తారు. దాని కింద లప్పం. దాని కింద ఫైబర్ గుడ్డ. అన్నిటికన్నా కింద, రంధ్రంలో కుక్కిన పాత న్యూస్‌పేపరు. మా వృత్తి ఇన్ని విధాల ఉపయోగపడుతుందని నాకూ అప్పుడే తెలిసింది.

‘‘ఆ సీట్లోనే కదరా మనవణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను’’ అంది పిన్ని. ఆ తర్వాత ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడో విషయం చెప్పాలి. జీపుకీ లారీకీ కింద ఛాసిస్ వేరుగా ఉంటుంది, పైన బాడీ వేరుగా ఉంటుంది. బాడీ తుప్పు పట్టినా ఛాసిస్ మోస్తుంది. అంబాసిడర్‌కి అలాంటి విడి ఛాసిస్ లేదు. నేల రేకు, డోర్ల కింద పొడుగ్గా ఉండే పెట్టెలు, నిలువు స్తంభాలు, పైకప్పు... అన్నీ కలిసే దాని ఎముకల గూడు. ప్రీమియర్ పద్మినీ కూడా అంతే. కాబట్టి ఇలాంటి కారులో నేల తుప్పు పట్టడమంటే చొక్కా చిరగడం కాదు, వెన్నెముక అరగడం. డోరు కింది పెట్టె పుచ్చిపోతే కారు నడుము దగ్గర కుంగుతుంది, తలుపులు సరిగ్గా పడవు. ‘అంబాసిడర్ డోరు కదా, గట్టిగా వెయ్యాలి’ అని మనం నవ్వుకుంటాం. ప్రతిసారీ అది తలుపు తప్పు కాకపోవచ్చు.

మళ్లీ షెడ్డుకి ఇవ్వనన్నాడు బాబాయి. తమ్ముడు ఓ సీఓటూ వెల్డింగ్ మిషన్ కొన్నాడు. ‘‘గేట్లు అతికే వెల్డింగ్ షాపాయన్ని పిలిస్తే పోయేది కదా?’’ అన్నాను. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే కడ్డీ వెల్డింగ్ వేరట. కారు రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. దానిమీద ఆ ఆర్క్ పెడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, అతుకు బదులు చిల్లు పడుతుంది. సీఓటూ మిషన్‌లో 0.8 మిల్లీమీటర్ల సన్నటి తీగ దానంతటదే వస్తుంటుంది. చుట్టూ గ్యాస్ కాపలా కాస్తూ, కరిగిన లోహానికి గాలి తగలకుండా చూస్తుంది.

ఆ గ్యాసే మొదటిరోజు కొంప ముంచింది. మామిడిచెట్టు కింద చల్లగా ఉందని అక్కడే పని మొదలెట్టారు. వెల్డింగ్ అంతా జల్లెడలా చిల్లులు! తోటలో వీచే గాలికి గ్యాస్ కొట్టుకుపోతోందని తెలియడానికి సాయంత్రం అయింది. సరే, కాయలు పోసే షెడ్డులోకి మార్చారు. అక్కడేముంది? కాయలు మాగవేయడానికి తెచ్చిన ఎండు వరిగడ్డి! రవ్వలు గజాల దూరం ఎగురుతాయి. పిన్ని చూసి కేకలేసింది కాబట్టి సరిపోయింది. గడ్డంతా బయటికి మోసి, రెండు బకెట్ల నీళ్లూ ఒక బకెట్ ఇసకా దగ్గర పెట్టుకుని కూర్చున్నాం.

నేర్చుకోవడం కూడా కారు మీద కాదు. అదే మందం ఉన్న తుక్కు రేకులు తెచ్చి వారం రోజులు వాటినే అతికాడు తమ్ముడు. అతికిన ముక్కని వైస్‌లో బిగించి సుత్తితో వంచడం, ఊడిపోతే మళ్లీ అతకడం. రేకు మీద వరసగా గీత గీసినట్టు లాక్కుంటూ పోకూడదు. ఇక్కడో టాకా, అక్కడో టాకా, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకోటి. తొందరపడితే వేడికి రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ఇక డోరు కింది పెట్టెని కోసేముందు డోరు ఖాళీలో ఇనప గొట్టాలు అడ్డంగా అతికి, కారు కుంగకుండా నిలబెట్టాలి. ఆ పని మరిచి కోసేస్తే తర్వాత కొత్త రేకు వేసినా వంకరలోనే అతుక్కుంటుంది.

రెండోరోజు బాబాయి పాత పరిచయస్తుడు ఒకాయన వచ్చారు. నలభై ఏళ్లు గ్యాస్ వెల్డింగ్ చేసిన టింకరింగ్ మేస్త్రి. తమ్ముడి అతుకు మీద గోటితో రాసి, ‘‘గట్టిగానే ఉంది బాబూ, కానీ సుత్తికి లొంగదు’’ అన్నారు. నిజమే. సీఓటూ అతుకు గట్టిగా ఉంటుంది, గ్రైండర్‌తో అరగదీయాల్సిందే. గ్యాస్ మంటతో వేసిన అతుకు మెత్తన. కింద దిమ్మ పెట్టి సుత్తితో కొట్టి, తడిగుడ్డ అద్ది, రేకుని మళ్లీ అసలు వంపుకి తేవచ్చు. కాకపోతే దానికి ఆయన చెయ్యి కావాలి. నా లెక్కలో అయితే నేల రేకూ పెట్టెలూ తమ్ముడి మిషన్‌కి, బయటికి కనిపించే మడ్‌గార్డ్ వంపులు మేస్త్రి మంటకి వదిలేయడమే న్యాయం.

ఆయన కుర్రతనంలో గ్యాస్ సిలిండర్‌లో వచ్చేది కాదట. డబ్బాలో కార్బైడ్ రాళ్లు వేసి నీళ్లు తగిలిస్తే ఎసిటిలీన్ గ్యాస్ పుట్టేది. దానికి ఆక్సిజన్ కలిపి వెలిగిస్తే 3,000 డిగ్రీలు దాటే మంట. అడుగున తెల్లటి సున్నం మిగిలేది. కార్బైడ్ అన్న మాట వినగానే బాబాయి తల దించుకున్నాడు. మామిడి రైతు కదా! కాయలు రాత్రికి రాత్రి పచ్చబడాలని వ్యాపారులు గంపల్లో పెట్టింది ఈ రాళ్లనే. గాలిలో తడి తగిలి అదే గ్యాస్ వస్తుంది, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలూ వస్తాయి. పళ్లకి దాన్ని వాడటం నేరమని 2011 ఆహార భద్రత నిబంధనల్లోనూ ఉంది. 2016లో దానికి బదులు మోతాదులో ఇథిలీన్ గ్యాస్ వాడుకోవచ్చన్నారు. రేకుని అతికే రాయిని పండు కింద పెట్టడం ఎవరి తెలివో గానీ... పోనివ్వండి, కారు దగ్గరికి వద్దాం.

ఇప్పుడు నా ఘనకార్యం. తమ్ముడు ముఖానికి మాస్క్ వేసుకుని పని చేస్తుంటే, నేను పక్కన నిలబడి మామూలు చలవ కళ్లద్దాలతో చూశాను. ‘ఓ నాలుగు మెరుపులేగా’ అనుకున్నాను. పగలంతా ఏమీ లేదు. రాత్రి రెండింటికి కళ్లలో ఇసక పోసి రుద్దినట్టు మంట, ధారగా నీళ్లు. ఆర్క్‌లోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలకి కంటిపైన పలచటి పొర కమిలిపోతుందట. ఆ బాధ కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది. పిన్ని బంగాళదుంప చక్రాలు కోసి తెచ్చింది. చల్లగా ఉంది, నిజమే. అయినా తెల్లారి కళ్ల డాక్టరు ఇచ్చిన మందే పనిచేసింది. పిల్లలున్న ఇళ్లలో ఈ పని పెట్టుకుంటే ముందు అడ్డంగా ఓ దుప్పటి కాదు, రేకు తెర కట్టండి. మెరుపంటే పిల్లలకి సరదా.

ఇంకో రెండు మాటలు. పెట్రోల్ ట్యాంకుని పూర్తిగా ఊడదీసి దూరంగా పెట్టాకే మంట వెలిగించాలి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలంతా ఆవిరే కదా. బ్యాటరీ కూడా తీసేయాలి. చవగ్గా వస్తుందని పైకప్పులకి వాడే జీఐ రేకు కొన్నారంటే, దాని పూత కాలి వచ్చే పొగకి సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది.

‘ఇంత కష్టపడి అతికాక ప్రభుత్వం ఒప్పుకుంటుందా?’ అని మీకు అనుమానం రావచ్చు. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బళ్లకి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లయ్యాక పొడిగింపుకి 5,000 రూపాయలు. అయితే ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కుళ్లిన రేకు తీసి అదే ఆకారంలో కొత్త రేకు వేయడం మార్పు కాదు, మరమ్మతే అని నా వాదన. అధికారి ముందు నా వాదన చాలదు. అందుకే తమ్ముడు కోసిన ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకుంటున్నాడు. ఆ నంబరు తీసుకుంటే బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. బాబాయికి అదే నచ్చలేదు. ‘‘జంక్షన్‌కి వెళ్లని కారు కారేమిట్రా?’’ అంటాడు.

బ్రిటన్‌లో మాత్రం కార్ల వార్షిక పరీక్షలో సస్పెన్షన్, సీటుబెల్టు బిగించే చోట్లకి 30 సెంటీమీటర్ల లోపు బరువు మోసే రేకు తుప్పుకి బలహీనపడితే బండిని ఫెయిల్ చేస్తారు. అక్కడ లప్పం చెల్లదు. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పుట్టిల్లు ఆ దేశమే.

నేను బయల్దేరేనాటికి ఎడమవైపు పెట్టె, ముందు నేల రేకు అయ్యాయి. వంకరటింకర అతుకులే, గ్రైండ్ చేస్తే కానీ బయటపెట్టేలా లేవు. ఎర్ర ప్రైమర్ ఆరాక ఎడమ డోరు బిగించారు. పిన్ని వచ్చి రెండు వేళ్లతో తోసింది. పడింది. మళ్లీ తెరిచి, మళ్లీ వేసి చూసింది.

‘‘కుడివైపు ఎప్పుడు?’’ అంది.

‘‘కాయ కోతలు అయ్యాక’’ అన్నాడు తమ్ముడు.