స్కాచ్ మాల్టు: ప్రాంతం పేరు చూసి ధర కట్టరాదు

సుంకం తగ్గింపు ఒప్పందంతో స్కాచ్ విస్కీపై దిగుమతిదార్ల దృష్టి మళ్లింది. 2025 జులైలో భారత్, బ్రిటన్‌లు సంతకాలు చేసిన ఈ ఒప్పందం 150 శాతం సుంకాన్ని తొలుత 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దించుతుంది. మంచిదే. కాని సింగిల్ మాల్టును ప్రాంతం పేరుతో బేరమాడే అలవాటు కొనుగోలుదారుకు చేటు.

2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, కాంబెల్‌టౌన్, ఐలా అనే ఐదు పేర్లను గుర్తించాయి. సీసాపై ఆ పేరు వేయాలంటే సరుకు అక్కడి బట్టీలోనే దిగి ఉండాలి. రుచి ఎలా ఉండాలో మాత్రం నిబంధనలు చెప్పవు. స్కై, ఆర్క్నీ దీవుల సరుకు సైతం చట్టం లెక్కలో హైలాండే.

ఐలా అంటే పొగ వాసన, స్పేసైడ్ అంటే పండ్ల తీపి అన్న మాటకు ఒకప్పుడు ఆధారం ఉంది. ఐలా దీవిలో మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి చేతికందే వంటచెరకు పీట్ ఒక్కటే. స్పేసైడ్‌కు రైలుతోపాటు కోక్ వచ్చింది, పొగ తగ్గింది. నేడు పొగ పాళ్లు ఆర్డరును బట్టి ఉంటాయి. ఐలాలోని బట్టీలు పలుచోట్ల పోర్ట్ ఎలెన్ మాల్టు కేంద్రం నుంచి కావలసిన పాళ్లలో బార్లీ తెప్పించుకుంటాయి. అదే దీవిలోని బునహావెన్ ప్రధాన సరుకులో పొగ ఉండదు. హైలాండ్‌లోని ఆర్డ్‌మోర్‌లో ఉంటుంది. కాంబెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్ సంగతి మరీ విడ్డూరం: ఒకే బట్టీ నుంచి కొద్దిపాటి పొగతో స్ప్రింగ్‌బ్యాంక్, దట్టమైన పొగతో లాంగ్‌రో, మూడుసార్లు దింపిన పొగలేని హేజెల్‌బర్న్ వస్తాయి. దేనికి కాంబెల్‌టౌన్ ధర కట్టాలి?

ప్రాంతాల ముద్రను జనంలోకి ఎక్కించినది ప్రచారమే. 1988లో యునైటెడ్ డిస్టిలర్స్ ఆరు మాల్టులను ప్రాంతానికొకటిగా పేర్చి అమ్మింది. అందులో స్కై కూడా ఒక ప్రాంతమే! గుంటూరు యార్డులో ఊరి పేరు చెబితే ధర పలకదు, తేజానా మరొకటా అని అడుగుతారు. ఇక్కడా బట్టీ పేరు, పొగ పాళ్లు, పీపా రకం, వయసు అడగాలి.

పీపాలు కొని నిలవ చేద్దామనుకునేవారికి మరో రెండు లెక్కలు. గోదాములో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బలం 40 శాతం దిగువకు జారితే ఎంత పాత సరుకైనా స్కాచ్ అని అమ్మే వీలు లేదు. 2012 నవంబరు నుంచి సింగిల్ మాల్టును స్కాట్లాండులోనే సీసాల్లో నింపాలి. పీపా ఇక్కడికి తెచ్చి నింపితే ఆ పేరు పెట్టరాదు.