ఇసుక దిబ్బే మన తొలి కరకట్ట

చల్లపల్లి నుంచి మోపిదేవి, అవనిగడ్డ దాటి సముద్రం వైపు పోతే ఊళ్ల పేర్లు గమనించండి. పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ... తిప్పన్నా దిబ్బన్నా మెరకే. కృష్ణమ్మ మోసుకొచ్చిన ఇసుకను అలలు ఒడ్డు వెంట పేర్చిన కట్టలు ఈ తీరమంతా ఉన్నాయి. వాటి వెనుక మడ అడవి, ఆ వెనుక పర్ర భూములు, తర్వాత మన వరిచేలు. 'సముద్రం ఎక్కడో ఉంది, ఆ ఇసుకతో మనకేం పని?' అనుకుంటే పొరపాటే. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఆ దూరాన్ని లెక్కచేయలేదు. దివిసీమలో వేల ప్రాణాలు పోయాయి, చేలు ఉప్పుబారాయి.

ఇసుక దిబ్బ రాతిగోడ కాదు, కదులుతుంది. తుపాను అలలు దాని ముందు భాగాన్ని కోసి, కొంత ఇసుకను నెత్తి మీదుగా వెనక్కి విసురుతాయి. సముద్రంలోకి పోయిన ఇసుకలో కొంత, అలలు నెమ్మదించాక మళ్లీ ఒడ్డు చేరుతుంది. అలా దిబ్బ ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకుంటుంది. దీనికి రెండు కావాలి. ఒకటి కొత్త ఇసుక, రెండోది వెనుక జాగా. ఇప్పుడు రెండింటికీ కరువే.

1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం, ఎగువన ఆల్మట్టి వచ్చాయి. అవి మన కడుపు నింపాయి, కాదనం. కాని ఏటి ఇసుక, ఒండ్రు చాలావరకు ఆ జలాశయాల్లోనే ఆగిపోతున్నాయి. మిగిలింది లారీలెక్కుతోంది. జాగా చూద్దామా, మడ అడవి దాకా చెరువుల గట్లు వచ్చేశాయి. మరోపక్క ప్రపంచంలో సముద్రమట్టం ఏటా సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. మిల్లీమీటర్లేగా అనుకోవద్దు. డెల్టా చివరి భూములు సముద్రానికి ఎంత ఎత్తున ఉన్నాయో మీకు తెలియంది కాదు.

దిబ్బ తెగితే పోటునీరు నేరుగా మడ అడవిలోకి, అక్కణ్ణుంచి మురుగు కాలువల్లోకి ఎక్కుతుంది. చౌడు చేలోకి వచ్చేది ఆ దారినే. కాకినాడ చూడండి. సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె అడ్డుండబట్టే అక్కడి రేవు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఆ చాటు లేని ఉప్పాడలో రాళ్లు పోసినా, జియోట్యూబులు పరిచినా కోత ఆగలేదు.

'కరకట్ట గట్టిగా వేస్తే చాలదా?' అంటారు కొందరు. కరకట్ట కావాలి, సందేహం లేదు. కాని ముందున్న దిబ్బ, మడ పోతే రోజూ అలల దెబ్బ తినేది ఆ మట్టికట్టే. ఎన్నాళ్లు ఆగుతుంది?

అందుకే నా మనవి ఇది. ఇంటి మెరకకని దిబ్బ ఇసుక తోలకండి. దాని మీది ముళ్లగడ్డిని, తీగల్ని పీకనీయకండి. దిబ్బ వెనుక, మడ పక్కన కొత్త చెరువు గట్లు పడకుండా గ్రామసభలో అడ్డుచెప్పండి. దిబ్బ వెనక్కి జరిగే చోట చిన్నరైతు పట్టా భూమి ఉంటే సర్కారు పరిహారమివ్వాలి. అందరి రక్షణకు ఒక్కడి ఎకరం బలి కాకూడదు. మురుగు కాలువ చివర తలుపులు తుపాన్ల కాలానికి ముందే బాగుచేయించమని ఇప్పుడే అర్జీ పెట్టండి. ఉప్పునీళ్లు చేలోకి వచ్చాక పెట్టే అర్జీ నష్టపరిహారానికే పనికొస్తుంది, పంటకు కాదు.