మగ్గము దిగిన తరువాత యేమి?

పాంచాలంకురిచ్చి పేరు చెప్పగానే యెవరికైనా కట్టబొమ్మన జ్ఞాపకమునకు వస్తాడు. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో అతనిని ఉరితీసేనాటికి అతనికి నలభై యేండ్లు నిండలేదు. 1974లో ప్రభుత్వము కట్టించిన జ్ఞాపక కోటను చూడ వచ్చేవారు తమ పిల్లలకు ఆ కథే చెప్పి వెళ్ళిపోతారు. మంచిదే. చిన్న వయస్సులో ప్రాణమిచ్చిన వారి కథలు మనకు చాలా వున్నవి. కాని డెబ్బది, యెనుబది యేండ్లు బ్రతుకవలసిన సామాన్యుడు ఆ చివరి యిరువది యేండ్లను యేమి చేసుకోవలెనో చెప్పే కథలు తక్కువ. ఈ వ్యాసము ఆ సామాన్యుని గురించి, అంటే మనలను గురించే.

సర్కారు ఉద్యోగికి ఒక తేదీ వుంటుంది. ఆనాడు మెడలో పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపుతారు. నేతగానికి అట్టి తేదీ లేదు. అతనిని మగ్గము కొంచెము కొంచెముగా వదలుతుంది. నలభై దాటగానే దగ్గరి చూపు మందగిస్తుంది. తెగిన పోగు కంటికి ఆనదు. తరువాత మోకాళ్ళు గుంటలోనికి దిగుటకు మొరాయిస్తవి. ఆపైన భుజము. సంఘములో మా కూలి పుస్తకము తిరగవేస్తే ఈ సంగతి అంకెలలో కనబడుతుంది. నెలకు పది చీరలు ఇచ్చిన మనిషి యెనిమిది ఇస్తాడు, తరువాత ఆరు, తరువాత నాలుగు. ఒకనాడు కొడుకు, "నాయనా, నువ్వు కాస్త కూర్చో, నేను చూసుకుంటాను" అంటాడు. ప్రేమతో అన్న మాటే అది. అయినా ఆ మాటతో పెద్దాయన అరుగు మీదికి వస్తాడు. నూలు ధర అడుగడం మానుతాడు. కొత్త అంచు వచ్చినదంటే లేచి చూడడు. ఆరు నెలలలో చెప్పినదే చెప్పడం మొదలుపెడతాడు. "వయస్సు మీదపడినది" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు.

వయస్సు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. మన కుటుంబములలో మగవాడు పెట్టుకొనే లక్ష్యములు మూడు: ఆడపిల్లల పెండ్లిండ్లు, ఇంటికి పైకప్పు, అప్పు తీరడం. మూడూ గొప్పవే. కాని అదృష్టము బాగుంటే మూడూ యాభయ్యయిదు ప్రాంతములో ముగిసిపోతవి. బాగుండకపోతే వాటిలోనే ప్రాణము పోతుంది. ముగిసినవాడు తరువాత యేమని ఆలోచించి వుండడు గనుక ఆ ఉదయము నుండి అతనికి లేవవలసిన కారణము వుండదు.

పనిలో మనమెవరమూ ఇట్లు చేయము. మగ్గము మీది పడుగు పూర్తిగా అయిపోయేదాకా చేతులు కట్టుకొని కూర్చొనేవాడు నేతగాడేనా? పాత పడుగు కొస ఇంకా మిగిలివుండగానే కొత్త పడుగు చాపి, గంజి పెట్టి, ఆరబెట్టి సిద్ధము చేస్తాము. పాత పోగు కొసకు కొత్త పోగును ఒక్కొక్కటిగా పురి పెట్టి అచ్చు అతుకుతాము. కొస పోగొట్టుకొన్నామా, మళ్ళీ మొదటి నుండి పోగు పోగునా తీసుకోవలెను. రెండు రోజుల కూలి పోయినట్లే. జీవితములో మాత్రము కొస జారిపోయిన తరువాతనే వెదకులాడుతాము.

దీనికి నాకు ఇద్దరు అడ్డు చెప్పినారు. ముసలితనములో రామా కృష్ణా అనుకుంటే చాలదా అన్నాడొకడు. చాలునేమో, అది ఎవరి భక్తి వారిది. అయితే భజనకు వెళ్ళేవాడు కూడా కొత్త కీర్తన నేర్చుకుంటే మంచిదని నా అభిప్రాయము. రెండవవాని మాట బరువైనది. "సెక్రటరీగారూ, కూలి లేనిదే పొయ్యి వెలగదు. లక్ష్యము తిని బ్రతుకుతామా?" అన్నాడు. నిజమే. అరవై నిండిన సంఘ సభ్యునికి తమిళనాట పింఛను పథకము వున్నది. పొదుపు, భద్రతా పథకములో నేతగాడు తన కూలిలో రూపాయికి కొన్ని పైసలు వేస్తే సర్కారు తన వంతు కలుపుతుంది. ఇవి సరిగా దాఖలు చేసుకోనివారు మనలో ఇప్పటికీ వున్నారు, వెంటనే చేసుకోవలెను. చేసుకొన్నా అవి చాలవు. అందుచేతనే ముసలితనపు పని ఊరికే కాలక్షేపముగా వుండకూడదు, దానికి కూలి వుండవలెను అంటున్నాను. దాని సంగతి చివర చెప్తాను.

ముందు మన సీమ మనిషిని ఒకరిని చూపుతాను. కోవిల్‌పట్టికి దగ్గర ఇడైసెవల్ అని ఒక పల్లె. అక్కడ పుట్టిన కి. రాజనారాయణన్‌ను తమిళనాట "కీ.రా." అంటే తెలియనివారు లేరు. ఇంటి భాష తెలుగు, వృత్తి సేద్యము. మెట్రిక్ వరకైనా చదువలేదు. వాన పడితే తడవకుండా బడిలోనికి వెళ్ళినానని, వెళ్ళీ పాఠము చూడక వాననే చూస్తూ నిలిచినానని తమాషాగా చెప్పుకొనేవాడు. ఆయన కథలు అచ్చు కావడం 1950ల చివరలో, అంటే ముప్పయ్యయిదు ప్రాంతములో మొదలయినది. ఆంధ్రదేశము వదలి ఈ నల్లరేగడి నేలకు తరలివచ్చిన తెలుగు కుటుంబముల కథను "గోపల్ల గ్రామము" అనే నవలగా వ్రాసినది 1976లో. అప్పటికి యాభై దాటినవి. ఆ తరువాత ఈ కరిసల్ సీమ పల్లెజనము మాటలను కూర్చి ఒక నిఘంటువు తెచ్చినాడు. అరవై దాటిన తరువాత పాండిచ్చేరి విశ్వవిద్యాలయము వారు జానపద సాహిత్యము కొరకు ఆయనను ఆచార్యునిగా పిలిచినారు! 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము. 2021 మే 17న, తొంభై యెనిమిదవ యేట కన్నుమూసినాడు. తొంభై దాటినా కలము దింపలేదు.

అందరము నవలలు వ్రాయలేము. అది నా ఉద్దేశము కాదు. చూడవలసినది వరుసను. సేద్యము, కథ, నవల, మాటల సేకరణ, పాఠము చెప్పడం. ప్రతి పది పదిహేనేండ్లకు లక్ష్యము మారినది. కాని ముడిసరుకు ఒక్కటే: తన పల్లె, తన ఇంటివారి నోటి మాట. కొత్తది వెదుకుతూ తనకు తెలియని వీధిలోనికి పోలేదు. చేతితో చేసిన పనిని నోటికి, తలకు మార్చుకొన్నాడు. మన చేనేత నాయకులలో ప్రగడ కోటయ్యగారిని తలచుకొన్నా ఇదే తోస్తుంది. 1915లో నిడుబ్రోలులో పుట్టి, సహకార సంఘములతో మొదలుపెట్టి, శాసనసభకు వెళ్ళి, 1990లో డెబ్బయ్యయిదు యేండ్ల ప్రాయములో రాజ్యసభలో అడుగుపెట్టినారు. 1995లో పోయేదాకా ఆయన నోట చేనేత మాటే. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాలయమునకు ఈనాడు ఆయన పేరే వున్నది.

మరి అరుగు మీద కూర్చున్న మన పెద్దాయన తలలో యేమున్నది? ఒక చిన్న లెక్క చెప్తాను. నలభై యెనిమిది అంగుళముల పన్నా, అంగుళానికి 72 పోగులు. మొత్తము 3,456 పోగులు. పది చీరలకు 62 గజముల పడుగు చాపినామనుకోండి: 2,14,272 గజముల నూలు. చిలప ఒక్కటికి 840 గజములు గనుక రమారమి 255 చిలపలు. 80 నంబరు అంటే పౌనుకు 80 చిలపలు. కాబట్టి మూడు పౌన్ల పైచిల్లర, కిలోన్నరకు కాస్త తక్కువ. మనుమడు ఫోను తీసి నొక్కేలోపల తాత ఇది నోటితో చెప్తాడు. చెప్పి, "తరుగుకు ఇంకో నాలుగు చిలపలు వేసుకో" అని కూడా అంటాడు. ఆ నాలుగు చిలపల మాట ఫోనులో వుండదు. ఐప్పసి వానలలో గంజి యెంత పలుచగా కలపవలెనో, వేసవిలో పోగు పెళుసెక్కి తెగుతుంటే మగ్గపు గుంటలో తడి యెట్లు నిలుపవలెనో, రంగు దిగుతుందా లేదా అని తడిగుడ్డతో యెట్లు పరీక్షించవలెనో, ఇదంతా ఆ ఒక్క తలలో వున్నది. ఆ తల అరుగు మీద ఊరికే వున్నది.

మాటలు కూడా పోతున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున తయారైన మాండలిక వృత్తి పదకోశములో రెండవ సంపుటము చేనేతను గురించినదే, 1971లో వచ్చినది. చాలా గొప్ప పని. అయితే ఆ సేకరణ జరిగినది ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో. తమిళ సీమలో తరతరములుగా వున్న మన ఇండ్లలో పడుగును, పేకను, నాడెను, కండెను, రాట్నములోని ముక్క ముక్కను యేమంటామో, వాటిలో తెలుగు యెంత, తమిళము కలిసినది యెంత, మనము వ్రాస్తేనే వుంటుంది. మన పిల్లలలో తెలుగు మాటలాడేవారు వున్నారు గాని తెలుగు అక్షరము వచ్చినవారు తక్కువ. ఫరవాలేదు. తాత చెప్పవలెను, మనుమరాలు తమిళ లిపిలోనైనా వ్రాయవలెను. అక్షరము నేర్పగలిగిన తాత అయితే రోజుకు నాలుగు అక్షరములు నేర్పవచ్చును. నేర్చుకోదలచిన తాత అయితే తానే నేర్చుకోవచ్చును. అరవై యేండ్లవాడు ఓనమాలు దిద్దితే నవ్వేవారిని నవ్వనీయండి.

ఇంతసేపూ పెద్దాయన అని వ్రాస్తున్నాను. పెద్దమ్మ మాట? 2019-20 చేనేత గణనలో దేశమంతటా 35 లక్షల పైచిలుకు చేనేత పనివారు తేలినారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. మన ఇండ్లలో కండెలు చుట్టే అవ్వకు అరుగు కూడా లేదు. కన్ను కనబడినంత కాలము రాట్నము, కనబడనప్పుడు మనుమల ఊయల. నీకేమి చేయవలెనని వున్నది అని ఆమెను యెవరూ అడిగి యెరుగరు. ఒక ఇంట నేను అడిగితే, డెబ్బది దాటిన ఆమె, బ్యాంకు పుస్తకములో అంకెలు తానే చదువుకోవలెనని వున్నది అన్నది! నూలు పోగులు లెక్కపెట్టగల మనిషికి బ్యాంకు లెక్క రాదా? నేర్పే తీరిక మనకు లేక గాని. స్త్రీ పేరున సభ్యత్వము లేని ఇండ్లలో పింఛను కూడా ఆమెకు అందదు. ఈ సంగతి యాభై యేండ్లలోపలే సరిచేసుకోవలెను, తరువాత కాదు.

శరీరము సంగతి రెండు మాటలు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున పనిచేసిన నిపుణులు, మతిమరుపు జబ్బులో దాదాపు నూటికి నలభయ్యయిదు పాళ్ళు మనము మార్చుకోగల పదునాలుగు కారణములతో ముడిపడి వున్నవని తేల్చినారు. రక్తపోటు, మధుమేహము, పొగ మొదలైనవి తెలిసినవే. వినికిడి తగ్గడం, చూపు తగ్గినా చికిత్స చేయించకపోవడం, నలుగురితో కలియకపోవడం కూడా ఆ జాబితాలో వున్నవి. పవర్‌లూము షెడ్డులో పనిచేసిన వారి చెవుల సంగతి నేను చెప్పనవసరము లేదు. కంటికి అద్దాలు పెట్టుకొంటే ముసలివాడని తెలిసిపోతుందని జంకేవారు మనలో ఇంకా వున్నారు. తెగిన పోగు కనబడక చీర రెండవ రకము క్రింద పోతే తెలియదా?

ఇక సంఘములు చేయవలసినది. సరుకు దించుకొనేటప్పుడు చీరలు పరీక్షించే పని కుర్ర గుమాస్తా చేతిలో వున్నది. అతడు మడత చూస్తాడు, తాత చేతితో తడిమి గుడ్డను చూస్తాడు. వారమునకు రెండు పూటలు ఆ పనిని మగ్గము దిగిన సభ్యులకు వంతుల చొప్పున ఇచ్చి, దినకూలి ఇవ్వవలెను. కొత్తగా మగ్గమెక్కే కుర్రవానికి మూడు నెలలు పక్కన కూర్చొని నేర్పినవానికి నేర్పిన కూలి ఇవ్వవలెను. సేలములో 1960లో నెలకొన్న చేనేత విద్యాలయములో చదివి వచ్చే పిల్లలకు గ్రాఫు తెలుసు, గంజి తెలియదు. వారిని, పెద్దవారిని ఒక చోట కూర్చోబెట్టవలెను. ఇందులో పెద్దవారు కూడా డిజైను గ్రాఫు నేర్చుకొంటారు, అది వారికి కొత్త పడుగు. యాభై నిండిన ప్రతి సభ్యుడు, సభ్యురాలు రాబోయే అయిదేండ్లలో తాను నేర్చుకోదలచినది ఒకటి, నేర్పదలచినది ఒకటి వ్రాసి సంఘములో ఇవ్వవలెనని, యేటేటా దానిని మార్చుకోవచ్చునని నా సూచన. మారకపోతేనే అనుమానించవలెను. నాకింకా యాభై రాలేదు గాని నా కాగితము ముందుగానే ఇస్తాను: హిసాబు పుస్తకములు కంప్యూటరులో వ్రాయడం నేర్చుకోవలెను, చిలపల లెక్క ఇద్దరికి నేర్పవలెను.

రాబోయే మహాజనసభలో పరీక్షకుల వంతుల సంగతి తీర్మానముగా పెట్టదలచినాను. ఇతర సంఘముల సెక్రటరీలు తమ ఊళ్ళలో ఇట్టిది జరిగివుంటే కూలి యెంత ఇచ్చినారో ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన. పెద్దలు చెప్పే మాటలు వ్రాసుకొనుటకు ఇంటికొక నోటుబుక్కు సంఘము తరఫున ఇస్తాము. ఆ ఖర్చును స్టేషనరీ పద్దులో చూపవచ్చునని ఆడిటరుగారు ఒప్పుకొన్నారు.