పదివేల గీతకు ఆవలివారు

మన సంఘములలో బీదలను గూర్చి మాటలాడునప్పుడు గుడిసెలో ఉన్నవారు, కూలికి పోవువారు వెంటనే జ్ఞాపకమునకు వత్తురు. అది న్యాయమే. అయితే ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు ఇండ్లు దర్శించునప్పుడు మాకు మరియొక రకపు కుటుంబములు కనబడుచున్నవి. ఇస్త్రీ చొక్కా వేసికొని పనికి వెళ్లుదురు. పిల్లలకు ఫీజు కట్టుదురు. ఆదివారము కానుక మానరు. కాపురము మాత్రము రెండు గదుల అద్దె పోర్షనులో. ఇంటి స్థలమునకు అర్జీ పెట్టబోతే, మీ ఆదాయము ఎక్కువని త్రిప్పి పంపుదురు. ఎంత ఎక్కువ? వెయ్యి, పదిహేను వందలు.

2019లో రాష్ట్ర ప్రభుత్వము బియ్యము కార్డుకు కుటుంబ ఆదాయము పల్లెలో నెలకు 10,000 రూపాయలు, పట్టణములో 12,000 మించరాదని గీత గీసినది. అంతకు ముందున్న 5,000, 6,250 కంటె అది మేలే. 2020 డిసెంబరు 25న, క్రిస్మస్ దినముననే, మొదలైన ఇండ్ల పట్టాలకు ఆ కార్డే ఆధారమైనది. అప్పుడు పల్లెలో సెంటున్నర, పట్టణములో సెంటు. తరువాతి ప్రభుత్వము 2025లో దానిని 3 సెంట్లు, 2 సెంట్లు చేసినది. స్థలము పెరిగినది గాని తెల్లకార్డు షరతు పోలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనము పథకమునకు కూడ అవే 10,000, 12,000. ఆరేండ్లలో బియ్యము ధర, నూనె ధర, అద్దె ఏదియు ఉన్నచోట ఉండలేదు. గీత మాత్రము కదలలేదు.

అంగన్‌వాడీ కార్యకర్తల సంగతి మీకు తెలిసినదే. 2019లో వారి గౌరవ వేతనము 10,500 నుండి 11,500 అయినది. జీతము పెరిగినదని సంతోషించునంతలో, పదివేలు దాటినారు గనుక పథకములు వర్తించవనిరి. 2023 డిసెంబరులో మొదలై 42 దినములు జరిగిన వారి సమ్మెలో సంక్షేమ పథకములు వర్తింపజేయుడనునది ఒక కోరిక. పారిశుద్ధ్య కార్మికులకు నిబంధనలో మినహాయింపు ఇచ్చిరి, అది మంచిదే. ఇతరులకు ఎందుకు ఇవ్వరాదో మాకు బోధపడుట లేదు.

ఈ లెక్కలో మేము చూచు పెద్ద లోపము వేరు. వచ్చు సొమ్మును లెక్కించుదురు, పోవు అద్దెను లెక్కించరు. ఒకరికి సొంత ఇల్లున్నది, నెలకు 9,500 వచ్చును అనుకొందము. మరియొకరికి 11,000 వచ్చును, అందులో 3,500 అద్దె. చేతిలో మిగిలినది ఎవరికి తక్కువ? ముత్తుకూరు పేరుకు పంచాయతీయే. ప్రక్కన కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు కరెంటు కేంద్రము ఉండగా అద్దెలు పల్లె అద్దెలుగా ఎట్లుండును? గీత మాత్రము పల్లె గీతే. పైగా కాంట్రాక్టు పనివాని జీతము పి.ఎఫ్. కోతతో సహా బ్యాంకులో కనబడును. చేతి మీదుగా జరుగు వ్యాపారములో ఎంత వచ్చినను కాగితము మీద కనబడదు.

పట్టణములకు కేంద్ర ప్రభుత్వపు ఆవాస యోజనలో సంవత్సరమునకు 3 లక్షల లోపు ఆదాయము గలవారు బలహీన వర్గమే. అనగా నెలకు 25,000. నెల్లూరులోనో కావలిలోనో 13,000 తెచ్చుకొనువాడు ఢిల్లీ లెక్కలో బీదవాడు, మన రాష్ట్రపు లెక్కలో కాడు. సొంత స్థలములో ఇల్లు కట్టుకొనుటకు అక్కడ సహాయమున్నది, స్థలము ఇచ్చుటకు ఇక్కడ ఒప్పరు. స్థలము కొనగలిగినవాడు అద్దె ఇంటిలో ఎందుకుండును?

గీత కదపరానిదేమియు కాదు. గ్రామీణ ఆవాస యోజనలో మోటారు సైకిలు గాని ఇంజను పడవ గాని ఉన్నవారిని జాబితా నుండి తీసివేయుచుండిరి. పడవ అప్పు మీద తెచ్చినదా, వల చినిగి ఒడ్డున పడియున్నదా అని అడుగువారు లేరు. 2024లో ఆ రెండు షరతులు ఎత్తివేసి, ఆదాయపు హద్దును 10,000 నుండి 15,000కు పెంచిరి. ఢిల్లీ చేసినది అమరావతి చేయవచ్చును. ఒక్క రూపాయి దాటగానే అన్నియు తీసివేయక, దాటినకొద్దీ కొంచెము కొంచెముగా తగ్గించవచ్చును. అద్దె రసీదు చూపినవారికి అంతమేర తగ్గించి లెక్కించవచ్చును.

ఇట్టి గీత ఇంటిలో ఏమి చేయునో చూడుడి. అత్తగారిని వేరు కార్డులో వ్రాయించుదురు. జీతము పెంచెదమనిన యజమానిని, పెంచవద్దని బతిమాలుదురు. అబద్ధమును మేము సమర్థించము. అయినను నిజము చెప్పినవానికి నష్టము కలిగించు నియమమును గూర్చి ఊరకుండలేము. పౌలు కూడ రోమాలో రెండేండ్లు అద్దె ఇంటనే ఉండెను, అది తక్కువతనము కాదు. కాబట్టి ఈ కుటుంబములు మొగమాట పడక తమ సంగతి గ్రామ సభలో చెప్పవలెను. కొన్ని సంఘములలో క్రిస్మస్ సహాయపు జాబితాను తెల్లకార్డు చూచియే వ్రాయుచున్నారు. పెద్దలు ఆ పద్ధతి మార్చిన బాగుండును.

ఇల్లు అద్దెకిచ్చిన విశ్వాసులకు ఒక మాట. నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు కూడ అనర్హతే. మూడు పోర్షనులకు ఒకే మీటరున్నచో ముగ్గురి వాడకము ఒక్కరి పేరు మీద పడవచ్చును. ప్రతి పోర్షనుకు వేరు మీటరు పెట్టించుడి, ఎవరి ఆధార్ ఏ మీటరుకు కలిపియున్నదో సచివాలయములో అడిగి సరిచేయించుడి, అద్దె పుచ్చుకొన్న ప్రతి నెల రసీదు వ్రాసి ఇయ్యుడి. వేసవిలో ఫ్యాన్లు తిరుగక మునుపే ఈ పని చేయించుట మంచిది.