చెక్క నేలకు కొండగాలి పడుతుందా?

తిరుపతి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అమెరికాలో ఉన్న కొడుకు వచ్చే సంక్రాంతికి పిల్లలతో వస్తాడట. "మిద్దెమీద గదికి మా ఇంట్లో లాగా చెక్క నేల వేయించమ్మా, మేపుల్ గానీ ఓక్ గానీ చూడు, పిల్లల కాళ్ళకు చల్లదనం తగలదు" అంటున్నాడట. వాళ్ళాయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మిగిలింది కాస్తా దీనికే పోయేట్టుంది. "తిరుమలలో బాలాజీనగర్‌లో ఉండే మా చెల్లెలు మాత్రం వద్దక్కా అంటోంది. వాళ్ళింటి తలుపు కార్తీకమాసం వచ్చిందంటే భుజం పెట్టి తోస్తే గానీ పడదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఆ చెల్లెలికి చెక్క సంగతి బాగా తెలుసు. వానల్లో బిగుసుకుని, ఎండల్లో సందులు తేలే తలుపు ఎలాంటిదో చెక్క నేలా అలాంటిదే. తలుపయితే ఆచారిని పిలిచి ఒక అంచు చిత్రిక పట్టిస్తాం. నేలలో అలాంటి పలకలు ఒకదాని పక్కన ఒకటి నలభై యాభై ఉంటాయి. దేన్నని చిత్రిక పట్టిస్తాం?

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, గాలి పొడిబారితే కుంచించుకుంటుంది. పొడవులో మార్పు లేనట్టే, అంతా వెడల్పులోనే. 12 అడుగుల గదిలో మామూలు కోత టేకు పలకలు పరిచారనుకోండి. చెక్కలో తేమ 8 శాతం నుంచి 13 శాతానికి పెరిగితే అన్ని పలకల ఉబ్బూ కలిసి అంగుళం దాటుతుంది. మేపుల్, ఓక్ అయితే దాదాపు రెండింతలు! గోడల దగ్గర చోటు వదలకపోతే నేల మధ్యలో గుర్రపు వీపులా లేస్తుంది. మీ అబ్బాయి ఇంట్లో ఏడాది పొడుగునా కిటికీలు మూసి హీటరో ఏసీయో నడుస్తుంటుంది. మనం తెల్లారగానే కిటికీలు బార్లా తెరిచేవాళ్ళం.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి. చెక్కకు తేమకన్నా తేమలో మార్పే ఎక్కువ చేటు. ఎప్పుడూ ఒకేలా చెమ్మగా ఉండే ఊళ్ళో చెక్క ఒకసారి ఉబ్బి అలాగే సర్దుకుంటుంది. తిరుపతి అలా కాదు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. ఇక 2,500 అడుగులకు పైనున్న కొండమీద ఆ రోజుల్లో మంచు పట్టి ఉతికిన బట్టలే ఆరవు. మీ చెల్లెలు చెక్క నేల జోలికి పోకపోవడమే మంచిది. కింది అంతస్తులోనూ వద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్ళెలా పారాయో మీరు చూసే ఉంటారు. బండలైతే కడుక్కుంటాం, నీళ్ళలో నానిన చెక్క మళ్ళీ మామూలు కాదు.

మిద్దెమీద గది ఒక్కటే అయితే, మనసు పడితే, వేయించుకోవచ్చు. మేపుల్ మాట మరచి టేకు చేవ అడగండి. అంచున తెల్లచెక్క ఉంటే తీసుకోవద్దు, చెదలు ముందు పట్టేది దానికే. (మన శేషాచలం ఎర్రచందనం వేయిస్తే, అని ఎవరైనా ఆశపెడితే వినకండి. 1995 నుంచి అది అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న చెట్టు. అడవి దుంగ ఇంట్లో దొరికితే నేల సంగతి తర్వాత, కేసు ముందు.) పలక వెడల్పు మూడంగుళాలు మించొద్దు. తలవైపు చూస్తే వలయాల గీతలు నిలువుగా కనిపించే పలకలు ఏరుకోండి. ధర ఎక్కువే గానీ మామూలు కోతకన్నా ఉబ్బు సగానికి తగ్గుతుంది. తేమ చూసే మీటరు పెట్టించండి, 10–12 శాతం మధ్య ఉంటే సరే.

కట్టలు తెచ్చిన రోజే పరిచేయనివ్వకండి. విప్పి, గాలి ఆడేలా మధ్య మధ్య పుల్లలు పెట్టి, ఆ గదిలోనే మూడు నాలుగు వారాలు ఉంచాలి. మేలో పరిస్తే కార్తీకంలో లేస్తుంది, కార్తీకంలో పరిస్తే మేలో సందుల్లో చిల్లర పడిపోతుంది. ఫిబ్రవరి మంచిది. చుట్టూ గోడ దగ్గర అర అంగుళానికి తగ్గకుండా వదిలి స్కర్టింగు పట్టీతో కప్పించండి. పట్టీని గోడకే కొట్టాలి, నేలకు కాదు. పరిచే ముందు గచ్చుమీద ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా అంటించి ఒక రోజు ఉంచండి. కింద చెమట పట్టిందా, పని ఆపేయండి.

ఆ తర్వాత శుక్రవారం బకెట్టుతో నీళ్ళు పోసి కడగడం ఆ గదికి ఉండదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవడమే. పనిమనిషికి ఇది చెప్పి ఒప్పించడం పలకలు పరచడం కన్నా కష్టం.

నన్నడిగితే ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనిస్తాను. అబ్బాయి ఉండేది మూడు వారాలు, ఆ గది తుడిచేది మీరు. కడప బండమీద మందపాటి జంపఖానా పరిస్తే పిల్లల కాళ్ళకు చల్లదనం తగలదు. కాదు, చెక్కే కావాలని వాడు పట్టుబడితే దర్శనానికి వెళ్ళినప్పుడు పిన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఆ తలుపు వాణ్ణే మూయమనండి.