పాత కారు బోనస్... కొత్త కారుకొస్తుందా?

సంజామల మండలంలో ఓ శనగ రైతు ఇల్లు అనుకుందాం. ఇంటి ముందు వేపచెట్టు కింద ఆరేళ్ల నాటి చిన్న కారు. కొడుకుకు పెళ్లి కుదిరింది. అందరూ కలిసి నంద్యాల వెళ్లి కాస్త పెద్ద కారు చూసొచ్చారు. పాతదాన్ని అమ్మేది లేదని, పొలానికి పోయి రావడానికి పనికొస్తుందని ఇంటి పెద్ద మాట. ధర కుదిరింది, లోను కుదిరింది. తీరా బీమా కాగితం చేతికొచ్చాక పేచీ మొదలైంది.

“ఐదేండ్లు గీత పడనీకుండా చూసుకుంటిని గదా. ఆ యాభై శాతం దీనికీ ఇయ్యరా?”

“అది పాత కారుది పెద్దాయనా. రెండో కారుకు మళ్లా మొదటి నుంచే.”

షోరూము కుర్రాడు చెప్పింది నిజమే. కాకపోతే సగం నిజం. మిగతా సగంలో ఆ ఇంటికి కొన్ని వేల రూపాయలున్నాయి.

పెద్దాయన అడుగుతున్నది నో క్లెయిమ్ బోనస్ గురించి. ఏడాది పొడవునా కంపెనీని నష్టపరిహారం అడగకపోతే మరుసటి ఏడు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఇది. 2002 నాటి మోటారు టారిఫ్‌లో ఈ మెట్లు కట్టారు. తొలి ఏడాదికి 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, ఐదేళ్లు నిండితే 50. అక్కడితో ఆగిపోతుంది. మధ్యలో ఒక్కసారి క్లెయిమ్ చేస్తే పాము మింగినట్టే, మళ్లీ సున్నా.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. బీమా కాగితంలో రెండు లెక్కలుంటాయి. మన బండికి జరిగే నష్టానికి ‘ఓన్ డ్యామేజి’. ఎదుటివారికి జరిగే నష్టానికి ‘థర్డ్ పార్టీ’. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. బోనస్ వర్తించేది మొదటిదానికే. 2022 జూన్‌లో 1000 నుంచి 1500 సీసీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలుగా నిర్ణయించారు. యాభయ్యేళ్లు ప్రమాదం లేకుండా నడిపినా అందులో రూపాయి తగ్గదు. అదే కారణంతో, ‘పాతబండే కదా’ అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాళ్లకు బోనస్ ఊసే ఉండదు.

ఇక అసలు ప్రశ్న. బోనస్ ఎవరిది? కారుదా, మనిషిదా? మనిషిదే. ఆ టారిఫ్‌లోనే అది స్పష్టంగా ఉంది. కాకపోతే ఒక్కసారి ఒక్క బండి మీదే కూర్చుంటుంది. పాత కారును ఉంచుకుని కొత్తది కొంటే బోనస్ పాతదానితోనే ఉంటుంది, కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. పాతది అమ్మేస్తే మాత్రం యజమాని వెంట కొత్త కారుకు వచ్చేస్తుంది.

తేడా ఎంతో చూద్దాం. పాత కారు ఓన్ డ్యామేజి ప్రీమియం 5,000 అనుకుంటే, 50 శాతం బోనస్ విలువ 2,500. కొత్త కారుకు ఆ ప్రీమియం 18,000 అయితే అదే బోనస్ విలువ 9,000! ఈ ఒక్క తగ్గింపు కోసం పనికొచ్చే కారు అమ్ముకోమని ఎవరూ అనరు. కొత్తదానికీ ఏడాది తిరిగేసరికి 20 శాతం మొదలవుతుంది కాబట్టి తేడా ఏటా తగ్గుతూనే ఉంటుంది. కానీ, అమ్మాలా వద్దా అని ఊగిసలాడే ఇంట్లో ఈ అంకె కూడా లెక్కలోకి రావాలి.

అమ్మేటట్టయితే పద్ధతిగా అమ్మాలి. ఊళ్లలో ఎక్కువగా జరిగేదేమిటి? తెలిసినవాడే కదా అని డబ్బు పుచ్చుకుని తాళాలిచ్చేస్తారు. ఆర్‌సీ పేరు మారదు, బీమా పేరూ మారదు. ఇందులో పోయేది బోనస్ ఒక్కటే అయితే బాగుండు. కొన్నవాడు ఎవరినైనా గుద్దితే? ఆర్‌సీలో పేరున్న పాత యజమానే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే 29, 30 నంబరు ఫారాలు నింపి రవాణా కార్యాలయంలో పేరు మార్పించాలి. వాటి నకళ్లు బీమా కంపెనీకిచ్చి ఎన్‌సీబీ లెటర్ తీసుకోవాలి. ఆ లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. ఇంకో కంపెనీలో పాలసీ తీసుకున్నా పనిచేస్తుంది. పాత కారు అమ్మకం ముందు, కొత్తది కొనడం తర్వాత అయితే తిరకాసు తక్కువ.

పల్లెల్లో మొదటి బండి మోటారుసైకిలే అవుతుంది, కారు తర్వాతి మాట. మోటారుసైకిల్ మీద కూడబెట్టిన బోనస్ కారుకు రాదు. ట్రాక్టరుదీ అంతే. కారుది కారుకే.

పేరు విషయంలోనూ తికమక ఉంది. కొత్త కారు కొడుకు పేరున కొంటే తండ్రి బోనస్ కొడుక్కి దక్కదు. తండ్రి కన్నుమూసి, ఆ కారు భార్యకో పిల్లలకో తల్లిదండ్రులకో సంక్రమిస్తే మాత్రం దాంతోపాటు బోనస్ కూడా వస్తుంది. ఆ కష్టకాలంలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఇటలీలో 2007లో తెచ్చిన చట్టం ఇంకాస్త ఉదారమైనది. అక్కడ ఒకే ఇంట్లోవాళ్లు రెండో బండి కొంటే మొదటి బండికున్న మంచి పేరునే దానికీ వర్తింపజేస్తారు. మన దగ్గర అది లేదు. అయితే విదేశాల్లో కారు నడిపి తిరిగొచ్చే మన పిల్లలకు ఒక వెసులుబాటుంది. అక్కడి పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకుని, అక్కడి కంపెనీ ఇచ్చిన రుజువు చూపిస్తే ఆ బోనస్‌నూ లెక్కలోకి తీసుకోవచ్చు.

కొందరు అతితెలివికి పోతారు. ఒకే బోనస్‌ను రెండు కార్లకూ రాయించుకుంటారు, లేదా చేసిన క్లెయిమ్ దాస్తారు. ప్రపోజల్ ఫారంలో సంతకం పెట్టేచోట చిన్న అక్షరాల్లో ఓ మాట ఉంటుంది. బోనస్ గురించి చెప్పింది అబద్ధమని తేలితే సొంత బండి నష్టానికి పైసా రాదని. కంపెనీలు ఒకదాన్నొకటి అడిగి సరిచూసుకుంటాయి కూడా. తొమ్మిది వేలకు ఆశపడి, కారు నుజ్జయిన రోజున లక్షలు వదులుకోవడమే అది.

పాత కారును ఉంచుకుంటే మరో జాగ్రత్త. గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఐదేళ్ల బోనస్ ఎగిరిపోతుంది. బంపరుకు సొట్ట పడితే క్లెయిమ్ చేసేముందు కూడా కాగితం కలం తీయాలి. మరమ్మతుకు అయ్యేది రెండు వేలైతే జేబులోంచి పెట్టుకోవడమే నయం.

ఇక మన పెద్దాయన కథ. పాత కారు అమ్మనని భీష్మించుకుని, కొత్తదీ తన పేరునే కొన్నాడనుకుందాం. బోనస్ రాలేదు సరే, ఆ రసీదులోనే ఆయనకు దక్కాల్సింది ఇంకోటుంది. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షలది. పాత కారు పాలసీలో అది ఇప్పటికే ఉంటే, రెండో కారుకు మళ్లీ కట్టక్కర్లేదు. 2019 జనవరి నుంచి ఈ వీలుంది. పాత పాలసీ నకలు చూపించి, ఆ వరస కొట్టేయమని అడగాలి. అడగనివాళ్ల రసీదుల్లో అది రెండోసారీ పడిపోతుంటుంది.