గుంటలా? సెంట్లా? దస్తావేజులో తేల్చి రాయాలి

మల్కాజ్‌గిరి ఒకప్పుడు గ్రామం. భూమిని ఎకరాలు, గుంటల్లో చెప్పుకునేవారు. 2007లో ఆ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడింది. ఇప్పుడు అక్కడ బేరమంతా గజాల మీదనే. కీసర, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు రైతుల పాసు పుస్తకాల్లో మాత్రం ఎకరాలు, గుంటలే ఉంటాయి. రైతు గుంటల్లో అమ్ముతాడు. కొన్నవారు అదే నేలను గజాల్లో అమ్ముతారు. ఈ రెండు లెక్కల నడుమ తెలియనివాడు నష్టపోతున్నాడు.

ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు, అనగా 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల నేల. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఎకరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. సెంటుకు 48.4 గజాలే. గుంటకు రెండున్నర సెంట్లన్న మాట. అంకణమైతే ఒకచోట 36 చదరపు అడుగులు, మరొకచోట 72.

కాగితం మీద 1.20 అని ఉందనుకుందాం. తెలంగాణ లెక్కలో అది ఎకరం 20 గుంటలు, అనగా 7,260 గజాలు. సెంట్ల లెక్కలో అదే అంకె ఎకరం 20 సెంట్లు, 5,808 గజాలు మాత్రమే. తేడా 1,452 గజాలు, సరిగా 12 గుంటలు! బిడ్డ పెళ్లికని నాలుగు గుంటలు అమ్ముకునే రైతుకు ఇది చిన్న విషయం కాదు.

కొలవడంలోనూ పొరపాటు పరిపాటి అయింది. ఎదురెదురు భుజాలను కూడి, సగం చేసి, హెచ్చవేయడం గ్రామాల్లో వాడుక. నేల మూలమట్టంగా ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది. నాలుగు వైపులా 60 అడుగులున్న స్థలం ఈ పద్ధతిలో 400 గజాలవుతుంది. కానీ అది వాలి ఉండి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు కూడా 60 అడుగులే వస్తే నిజానికి ఉన్నది సుమారు 346 గజాలే. లేని 54 గజాలకు కొన్నవాడు సొమ్ము చెల్లించినట్లే. కనుక ఐమూల కొలత తీయకుండా బయానా ఇవ్వరాదు.

చట్టం చూస్తే, 1956 నుంచే దేశంలో మెట్రిక్ కొలతలు ప్రమాణం. 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కూడా అదే చెబుతున్నది. గజం 0.836 చదరపు మీటరు. హెక్టారు సుమారు 2 ఎకరాల 19 గుంటలు. అయినా గుంట, గజం జనం నోట పాతుకుపోయాయి. వాటిని ఒక్కసారిగా మానమనడం జరిగే పని కాదు.

జరగవలసింది వేరే ఉంది. దస్తావేజు రాసేవారు విస్తీర్ణాన్ని ఎకరం-గుంటల్లో, గజాల్లో, చదరపు మీటర్లలో, అంకెలతోపాటు అక్షరాల్లోనూ రాయాలి. నాలుగు భుజాలు, ఐమూల కొలతలతో నక్షా జతపరచాలి. రిజిస్ట్రేషన్, తహశీల్దారు కార్యాలయాల్లో ఈ కొలతల పట్టికను తెలుగులో, అందరికీ కనిపించేలా గోడమీద రాయించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. అధికారులు శ్రద్ధ వహించాలి. రైతులు కూడా కాగితం చదివించుకొని, అంకె వెనుక గుంటలని ఉందో, సెంట్లని ఉందో చూసుకున్న తర్వాతనే వేలిముద్ర గాని, సంతకం గాని వేయాలి.